42 బైట్లలో ఒక వాద్యం
పదిమంది పంచుకుంటేనే నిలిచే నాదాలు

రేపల్లె: పెనుమూడిలో గాని, కృష్ణకు ఆవలి ఒడ్డున పులిగడ్డలో గాని పండుగనాడు మేళం మ్రోగితే, ఏది డోలో ఏది సన్నాయో చిన్నపిల్లలు సైతం చూడకుండానే చెబుతారు. ఒకే స్వరం పలికినా వాద్యానికీ వాద్యానికీ నాదం వేరు. డప్పు కొట్టగానే ఒక్కసారిగా లేచి చప్పున అణగిపోతుంది. సన్నాయి వూదినంతసేపూ నిలుస్తుంది. ఆ లేవడాన్ని, నిలవడాన్ని, అణగడాన్ని అంకెలలో వ్రాసి ఒక చిన్న ఎలక్ట్రానిక్ చిప్ చేత పలికించే విద్యను ‘చిప్‌ట్యూన్’ అంటారు. ఆ అంకెల చిట్టాకు ‘ప్యాచ్’ అని పేరు.

ఈ ప్యాచ్‌లను ఇంటర్నెట్‌లో ఒకచోట చేర్చి, కావలసినవారు వుచితంగా తీసుకునేటట్లు చేయడం ఎలా? అలా చేర్చినవి పది కాలాలు నిలవాలంటే ఏం కావాలి? సంగీతం మీద, కంప్యూటరు మీద ఆసక్తి గల మన ప్రాంతపు యువకులు తెలుసుకోదగిన విషయమిది.

టీవీ గేముల నుంచి పుట్టిన పాట

1990లలో టీవీకి తగిలించి కేసెట్టు పెట్టి ఆడుకున్న గేములు చాలామందికి గుర్తుండే వుంటాయి. వాటికి మూలం జపాను కంపెనీ నింటెండో 1983లో తెచ్చిన ఫామికామ్ యంత్రం. అందులోని చిప్ ఒకేసారి 5 రకాల శబ్దాలు మాత్రమే పలకగలదు. 1982లో అమెరికాలో వచ్చిన కమోడోర్ 64 కంప్యూటరులో బాబ్ యానెస్ రూపొందించిన ‘సిడ్’ చిప్‌కు గొంతులు మూడే. ఆ మూడింటితోనే డోలు, వేణువు, తంత్రీవాద్యం అన్నీ వినిపించాలి. చేతిలో వున్నది తక్కువ గనుక కళాకారులు ఒక్కొక్క నాదాన్నీ శ్రద్ధగా చెక్కారు. ఆ యంత్రాలు పాతబడినా, ఆ నాదాల మీద మోజు తీరలేదు. ఈనాటికీ ప్రపంచమంతటా వాటితో కొత్త పాటలు కడుతున్నారు.

1988లో వచ్చిన సెగా మెగా డ్రైవ్ గేము యంత్రంలో యమహా చిప్ మరొక పద్ధతిలో పనిచేస్తుంది. ఒక కంపనంతో మరొక కంపనాన్ని కదిలించి కొత్త నాదం పుట్టించడం ఆ పద్ధతి. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో జాన్ చౌనింగ్ 1960లలో దీనిని కనుగొన్నారు. ఈ చిప్‌లో ఒక్కొక్క నాదానికి 4 కంపనాలు. ఒక్కొక్క కంపనానికి 10 అంకెలు. వాటిని జోడించే తీరుకు మరి రెండు. వెరసి 42. ఒక తరహా ఫైలులో ఇవి సరిగ్గా 42 బైట్లలో ఇమిడిపోతాయి. ‘పెనుమూడి’, ‘తెనాలి’ అన్న రెండు పేర్లను నేటి యూనికోడ్‌లో వ్రాయడానికి కంప్యూటరుకు సాధారణంగా పట్టే చోటు కూడా 42 బైట్లే. రెండు వూళ్ల పేర్లు పట్టేంత చోటులో ఒక వాద్యం వుందన్నమాట.

ఇచ్చినా తరగనిది

ఇటువంటి నాదాలను పంచుకునే ఆచారం ఇంటర్నెట్ ఇంటింటికీ రాకముందే వుంది. 1987లో జర్మనీకి చెందిన కార్స్టెన్ ఓబార్స్కీ అమిగా కంప్యూటరు కోసం ‘అల్టిమేట్ సౌండ్‌ట్రాకర్’ అనే ప్రోగ్రాము వ్రాశారు. దానితోపాటు నాదాల డిస్కు కూడా వచ్చింది. అలాంటి డిస్కులు చేతులు మారి, ఒకరి నాదం మరొకరి పాటలో చేరింది.

మన రైతులు మంచి విత్తనం దొరికితే పొరుగువారికి కుంచెడు పెట్టడం మామూలే. అయితే విత్తనం ఇస్తే గాదెలో అంత తగ్గుతుంది. ప్యాచ్ ఇస్తే ఏమీ తగ్గదు. తీసుకున్నవారు దానిని కొంచెం మార్చి, మెరుగుపరచి తిరిగి ఇస్తే ఇచ్చినవారికీ లాభమే.

ఒక్క పడవను నమ్ముకుంటే

ఇక్కడే చిక్కు వుంది. వంతెన లేని రోజులలో పెనుమూడి రేవులో ఏరు దాటడానికి పడవే దిక్కు. పడవ ఆవలి ఒడ్డున వుంటే ఈవలివారు ఆగవలసిందే. ఒక్కరి కంప్యూటరులో, ఒక్కరి ఖర్చుతో నడిచే వెబ్‌సైటు కూడా అంతే. ఆ వ్యక్తికి తీరిక లేకపోయినా, ఏటేటా కట్టవలసిన సొమ్ము కట్టలేకపోయినా అందరి శ్రమా గంగపాలవుతుంది.

పెద్ద కంపెనీలను నమ్ముకున్నా భద్రత లేదు. అమెరికాలోని మైస్పేస్ సంస్థ 2015కు ముందు 12 ఏళ్లపాటు జనం పెట్టిన పాటలు పోయాయని 2019లో వెల్లడైంది. పోయినవి 5 కోట్లకు పైగా వుంటాయని అంచనా. వాటిలో 4 లక్షలకు పైగా పాటలు మాత్రం తిరిగి వెలుగు చూశాయి. ఎవరో ముందుగా నకళ్లు తీసి దాచి వుండడమే అందుకు కారణం. సిడ్ చిప్ పాటలను చేర్చే ‘హై వోల్టేజ్ సిడ్ కలెక్షన్’ మాత్రం 1996 నుంచి నిలిచి వుంది. దానిని మొత్తంగా ఎవరైనా దించుకోవచ్చు గనుక నకళ్లు ఎన్నో చోట్ల వున్నాయి. ప్రతి పాటకూ కర్త పేరు, సంవత్సరం చేర్చడానికి దాని నిర్వాహకులు శ్రమిస్తున్నారు.

పాటించవలసిన జాగ్రత్తలు

ప్యాచ్‌ల వెబ్‌సైటు కట్టదలచినవారు మొదటిరోజే కొన్ని కట్టుబాట్లు పెట్టుకోవాలి. ప్రతి ప్యాచ్‌కూ చేసినవారి పేరు, ఏ చిప్ కోసమో, ఏ ప్రోగ్రాములో పరీక్షించారో వ్రాయాలి. వినకుండా అంకెలు చూసి ఎంచుకోవడం ఎవరి తరమూ కాదు గనుక, నాలుగు స్వరాలు పలికించి ఆ శబ్దాన్ని పక్కనే పెట్టాలి. ఇతరులు వాడుకోవచ్చునా, మార్చవచ్చునా అన్నది స్పష్టం చేయాలి. సొంతంగా చేసిన వాటిని, పాత గేముల నుంచి తీసిన వాటిని విడివిడిగా వుంచాలి. లేకపోతే హక్కుల తగాదా వస్తే మంచివి కూడా మూతపడతాయి. మొత్తం సంగ్రహాన్ని ఒకే కట్టగా దించుకునే వీలు కల్పించాలి. తాళాలు ఒక్కరి దగ్గరే గాక, కనీసం ముగ్గురి దగ్గర వుండాలి.

పదిమంది కలిసి వెబ్‌సైటు కట్టడం తెలుగువారికి కొత్త కాదు. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా అలా కూలి లేకుండా పనిచేసినవారి చేతుల మీదనే పెరిగింది.

మన నాదాలకూ చోటు

నాటకాలకు పేరుపడిన తెనాలి సీమలో హార్మోనియం వాయించి పద్యాన్ని నిలబెట్టినవారు ఎందరో. వారు కట్టిన వరసలు చెవి నుంచి చెవికి వచ్చాయి. కట్టినవారి పేర్లు చాలావరకు రాలేదు. ప్యాచ్‌ల విషయంలో ఆ పొరపాటు జరగనక్కరలేదు.

చిప్‌లలో పియానో, గిటారు, పాశ్చాత్య డ్రమ్ములను పోలిన నాదాలు కొల్లలుగా దొరుకుతాయి. సన్నాయి జారుడు, డోలు ధ్వని, డప్పు మోత తెలిసిన చెవులు మాత్రం ఇక్కడ వున్నాయి. ‘ఫర్నేస్’ వంటి ప్రోగ్రాములు వుచితంగా లభిస్తున్నాయి. పాత కంప్యూటరున్నా చాలు. మేళగాళ్ల పక్కన కూర్చుని విని, ఆ నాదాన్ని అంకెలలోకి దించి, కింద వారి పేరూ తమ పేరూ వూరి పేరూ వ్రాసి పెడితే, ఎక్కడో జపానులోనో జర్మనీలోనో ఒకరు దానితో పాట కడతారు. ఆ పాటలో పెనుమూడి సన్నాయి కూడా పలుకుతుంది.