తేలిక విల్లే భుజానికి మేలు

‘బాహుబలి 2’లో దేవసేనకు బాహుబలి ఒకేసారి మూడు బాణాలు వేయడం నేర్పే సన్నివేశం గుర్తుందా? 2017లో ఆ సినిమా వచ్చినప్పుడు పిల్లలు చీపురు పుల్లలతో విల్లు కట్టారు. 2022లో ‘ఆర్‌ఆర్‌ఆర్’ పతాక సన్నివేశంలో రామ్‌చరణ్ విల్లు పట్టాక పెద్దలకూ మోజు పుట్టింది. తెర మీద విల్లు ఎక్కుపెట్టడం ఎంతో తేలికగా కనిపిస్తుంది. అక్కడ మనకు కనిపించనిది ఒక్కటే... ఆ విల్లు బరువు.

మీరు టోలిచౌకిలో ఉంటారనుకోండి. షేక్‌పేట మీదుగా కాస్త పైకెళితే ఫిల్మ్‌నగర్. ఉద్యోగం గచ్చిబౌలి వైపు. రోజంతా కంప్యూటర్ ముందు, మిగతా సమయం ట్రాఫిక్‌లో. మెడ ముందుకు వంగి, భుజాలు గుండ్రంగా ముడుచుకుపోయాయి. ‘విలువిద్య నేర్చుకుంటే వ్యాయామమూ అవుతుంది, ఏకాగ్రతా పెరుగుతుంది’ అనిపించింది. ఆలోచన మంచిదే. కానీ ఆన్‌లైన్‌లో బలమైన విల్లు తెప్పించుకుని మొదటి ఆదివారమే గట్టిగా లాగితే, రెండో ఆదివారానికి భుజం పట్టేస్తుంది. మూడో నెలకు విల్లు గోడకెక్కుతుంది.

అలా జరగకూడదంటే ముందే తెలుసుకోవాల్సిన సంగతులివి.

ఏ విల్లు ఎలాంటిది?

లాంగ్‌బో దాదాపు మనిషంత పొడవుండే విల్లు. నారి విప్పితే ఇంచుమించు నిటారు కర్రలా ఉంటుంది. రికర్వ్ విల్లు కొసలు ముందుకు వంపు తిరిగి ఉంటాయి. ఆ వంపు వల్ల తక్కువ పొడవులోనే ఎక్కువ శక్తి నిల్వ ఉంటుంది. ఒలింపిక్స్‌లో వాడుతున్నది రికర్వే. 2024 పారిస్ ఒలింపిక్స్ మిక్స్‌డ్ టీమ్ పోటీలో అంకితా భకత్‌తో కలిసి నాలుగో స్థానంలో నిలిచిన మన విజయవాడ కుర్రాడు బొమ్మదేవర ధీరజ్ ఆడేది ఈ విభాగంలోనే.

అదే విజయవాడకు చెందిన వెన్నం జ్యోతి సురేఖ హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు గెలిచింది కాంపౌండ్ విభాగంలో. కాంపౌండ్ విల్లుకు కప్పీల్లాంటి చక్రాలుంటాయి. నారి పూర్తిగా లాగాక బరువులో చాలా భాగాన్ని అవే మోస్తాయి. రికర్వ్‌కు, లాంగ్‌బోకు ఆ వెసులుబాటు లేదు. లాగేకొద్దీ బరువు పెరుగుతుంది. గురి చూసి ఆగిన ఆ రెండు మూడు సెకన్లూ పూర్తి బరువు మీ వీపు మీదే. అందుకే ఈ రెండింటిలో మొదటి విల్లు తేలికగా ఉండాలి.

మన దగ్గరా దీనికి పాత చుట్టరికం ఉంది. దేశంలో ‘ఇండియన్ రౌండ్’ పేరుతో వెదురు విళ్లతో పోటీలు జరుగుతుంటాయి. చాలామంది క్రీడాకారులు తొలి అడుగులు వేసేది వాటితోనే. ఖరీదైన సామగ్రి లేకున్నా ఈ విద్య మొదలుపెట్టవచ్చన్నమాట.

లెక్క వేసి చూడండి

విల్లు బరువంటే దాన్ని తక్కెడలో తూచిన బరువు కాదు. నారిని లాగి పట్టుకోవడానికి కావలసిన బలం. దీన్ని పౌండ్లలో చెబుతారు. సాధారణంగా 28 అంగుళాలు లాగినప్పుడు ఎంతో విల్లు మీద రాసి ఉంటుంది. అంతకన్నా ఒక అంగుళం తక్కువ లాగితే సుమారు రెండు పౌండ్లు తగ్గుతుంది. ఎక్కువ లాగితే అంతే పెరుగుతుంది.

20 పౌండ్లంటే దాదాపు 9 కిలోలు. ఒక పూట 60 బాణాలు వేస్తే మొత్తం 540 కిలోలు లాగినట్టు. అదే 35 పౌండ్ల విల్లయితే 950 కిలోలు దాటుతుంది. ఏడాదిగా జిమ్ మొహం చూడని భుజం మొదటి రోజే దాదాపు టన్ను బరువు ఎలా మోస్తుంది?

మొదలుపెట్టేటప్పుడు మగవారికి 20 నుంచి 24 పౌండ్లు, ఆడవారికి 16 నుంచి 20, పదేళ్ల పిల్లలకు 10 నుంచి 14 పౌండ్లు సరిపోతాయి. రోజూ జిమ్‌లో బరువులెత్తేవారికీ ఇదే మాట. అక్కడ పెంచిన కండలు వేరు, విల్లు లాగే కండరాలు వేరు. రికర్వ్ కొనేటప్పుడు పిడి, లింబ్‌లు విడివిడిగా వచ్చే టేక్‌డౌన్ రకం ఎంచుకోండి. బలం పెరిగాక లింబ్‌లు మార్చుకుంటే చాలు, కొత్త విల్లు కొనక్కర్లేదు.

బరువు సరిపోయిందో లేదో తెలుసుకునేందుకు చిన్న పరీక్ష ఉంది. బాణం పెట్టి, లక్ష్యం వైపు నిలబడి, నారి పూర్తిగా లాగి పది సెకన్లు ఆగండి. వదలకుండా నెమ్మదిగా వెనక్కి తీసుకురండి. ఇలా మూడుసార్లు చేసినా చేయి వణకకుండా, విల్లు పట్టిన వైపు భుజం చెవి దగ్గరకు లేవకుండా ఉంటే ఆ విల్లు మీదే. లేదంటే ఇంకా తేలికది అడగండి. అందులో నామోషీ ఏమీ లేదు.

లాగాల్సింది చేత్తో కాదు

కొత్తవారు నారిని అరచేతి బలంతో, కండతో లాగుతారు. నిజానికి పని చేయాల్సింది వీపు. రెండు రెక్క ఎముకలను దగ్గరకు తెచ్చే కండరాలు నారిని వెనక్కి తీసుకెళ్లాలి. మోచేయి వెనక్కి తిరుగుతుంటే చేయి దానితోపాటు వెళ్తుంది, అంతే. కంప్యూటర్ ముందు కూర్చుని మనం పూర్తిగా మరిచిపోయిన కండరాలివే. సరిగ్గా చేస్తే ముడుచుకున్న ఛాతీ తెరుచుకుంటుంది, భుజాలు వెనక్కి వస్తాయి. అసలు లాభం అక్కడే.

బరువైన విల్లుతో ఇదంతా తలకిందులవుతుంది. వీపుకు చాలినంత బలం లేనప్పుడు శరీరం దొంగదారి వెతుకుతుంది. భుజం పైకి లేస్తుంది, నడుము వెనక్కి వంగుతుంది. భుజం కీలును పట్టి ఉంచే రొటేటర్ కఫ్ అనే చిన్న కండరాల మీద భారం పడుతుంది. అక్కడి స్నాయువులు ఒరుసుకుని వాస్తాయి. నలభై దాటినవారిలో ఇది త్వరగా వస్తుంది, నిదానంగా తగ్గుతుంది.

ముందు డాక్టర్‌ను అడగాల్సినవారు

మధుమేహం ఉన్నవారిలో భుజం బిగుసుకుపోయే ‘ఫ్రోజెన్ షోల్డర్’ ముప్పు మిగతావారికన్నా ఎక్కువ. చేయి వెనక్కి తిప్పి వీపు అందుకోలేకపోతున్నా, దువ్వుకోవడం కష్టంగా ఉన్నా ముందు భుజం చూపించుకోండి. రక్తపోటు ఉన్నవారు నారి లాగేటప్పుడు ఊపిరి బిగబట్టకూడదు, ఆ క్షణంలో బీపీ పెరుగుతుంది. మెడ డిస్క్ సమస్య, ఇటీవల కంటికి లేదా గుండెకు ఆపరేషన్ జరిగినవారు డాక్టర్ సరేనన్నాకే విల్లు పట్టాలి.

సాధన తర్వాత రెక్క ఎముకల మధ్య తీపు మామూలే, ఒకట్రెండు రోజుల్లో పోతుంది. భుజం ముందువైపు సూదితో పొడిచినట్టున్నా, రాత్రి ఆ పక్కకు తిరిగి పడుకోలేకపోయినా విల్లు పక్కన పెట్టి ఎముకల డాక్టర్‌ను కలవండి. ‘ఆడుతుంటే అదే సర్దుకుంటుంది’ అనుకోవద్దు.

డాబా మీద వద్దు

టోలిచౌకిలో అపార్ట్‌మెంటుకూ అపార్ట్‌మెంటుకూ మధ్య జాగా ఎంతో మీకు తెలిసిందే. డాబా ఖాళీగా ఉంది కదా అని అక్కడ సాధన చేయొద్దు. తేలికపాటి విల్లు నుంచి వెళ్లిన బాణం కూడా వంద మీటర్లు దాటగలదు. గురి తప్పిన బాణం ఎవరి బాల్కనీలో పడుతుందో చెప్పలేం. పార్కింగ్‌లో, వీధిలో, పార్కులో అసలే వద్దు. వెనుక అడ్డు ఉన్న రేంజ్‌లో, కోచ్ సమక్షంలోనే బాణం వేయాలి.

అక్కడ కూడా కొన్ని నియమాలు తప్పవు. బాణం లేకుండా నారి లాగి వదలకూడదు. అలా చేస్తే ఆ శక్తంతా లింబ్‌లలోకే పోయి విల్లు విరగవచ్చు. కార్బన్ బాణాన్ని ప్రతిసారీ మెల్లగా వంచి, బీట ఉందేమో చూడాలి. బీట వారిన బాణం వదిలిన క్షణంలో ముక్కలై చేతిలో దిగుతుంది. అందరూ బాణాలు వేసి విళ్లు దించాకే లక్ష్యం దగ్గరకు వెళ్లాలి. చున్నీ నడుముకు కట్టుకోవాలి. పొడవాటి గొలుసులు, నల్లపూసలు డ్రెస్ లోపలికి వేసుకోవాలి. జడ వెనక్కి వేసి ముడి పెట్టుకోవాలి. ముంజేతికి ఆర్మ్ గార్డ్, వేళ్లకు ఫింగర్ ట్యాబ్ లేకుండా మొదలుపెట్టొద్దు.

తొలి నెల ఇలా

మొదటి నెల విల్లు కొనకండి. శిక్షణ కేంద్రం విల్లే వాడండి. వారంలో రెండు రోజులు, మధ్యలో కనీసం రెండు రోజుల విరామం చాలు.

మొదటి వారం మీ కన్ను తెలుసుకోండి. రెండు చేతులు చాచి, అరచేతుల మధ్య చిన్న త్రికోణం చేసి దూరంగా ఉన్న గడియారాన్ని అందులోంచి చూడండి. ఒక్కో కన్ను మూయండి. ఏ కన్ను తెరిచి ఉన్నప్పుడు గడియారం త్రికోణంలోనే ఉంటుందో అది మీ బలమైన కన్ను. కుడి కన్నయితే విల్లు ఎడమ చేత్తో పట్టి, నారి కుడి చేత్తో లాగడం సులువు.

రెండో వారం ఐదు మీటర్ల నుంచి, రంగు వలయాలు లేని ఖాళీ దిమ్మకే బాణాలు వేయండి. గురి గురించి మరిచిపోయి వీపు మీదే ధ్యాస పెట్టండి. పూటకు ముప్పై బాణాలు మించొద్దు. మూడో వారం వలయాలు పెట్టుకోండి. బాణాలు మధ్యలో పడ్డాయా అని కాదు, ఒకేచోట గుంపుగా పడ్డాయా అని చూడండి. నాలుగో వారం పది మీటర్లకు జరగండి. ఒలింపిక్స్ దూరం 70 మీటర్లు. దానికి తొందరేమీ లేదు.

ప్రతి సాధనకు ముందు పది నిమిషాలు భుజాలు తిప్పడం, రబ్బరు బ్యాండ్‌ను ఛాతీ ముందు అడ్డంగా సాగదీయడం చేయండి. అదే బ్యాండ్‌తో ఇంట్లోనూ రోజూ పదిహేనుసార్లు చేస్తే వీపు త్వరగా బలపడుతుంది.

రెండు మూడు నెలలకు అదే విల్లు తేలికగా అనిపిస్తుంది. పూట చివరి బాణం కూడా మొదటి బాణంలాగే వెళుతుంటే, అప్పుడు రెండు పౌండ్లు పెంచండి. చివరికొచ్చేసరికి చేయి వణుకుతోందా? ఇంకో నెల పాత విల్లుతోనే ఉండండి.

- ఫీచర్స్ డెస్క్