వెల్లకిలా నిద్ర... వెయ్యి తంటాలు!

మా అత్తయ్యగారికి అప్పుడు అరవై ఎనిమిదేళ్లు. ఊహ తెలిసినప్పట్నుంచీ ఎడమపక్కకి తిరిగి, మోకాళ్లు ముడుచుకుని పడుకోవడం ఆవిడకి అలవాటు. అలాంటావిడకి 2023 నవంబరులో కుడి తుంటి కీలు మార్చారు. "కనీసం ఆరు వారాలు వెల్లకిలానే పడుకోవాలమ్మా" అన్నారు డాక్టరుగారు. మత్తు గురించీ, ఖర్చు గురించీ, మళ్లీ నడుస్తారో లేదోననీ ఇంటిల్లిపాదీ బెంగపెట్టుకున్నాం గానీ, నిద్ర గురించి ఎవరమూ ఆలోచించలేదు. తీరా ఇంటికొచ్చాక మమ్మల్ని ముప్పుతిప్పలు పెట్టింది ఆ నిద్రే!

ఎందుకీ శిక్ష?

తుంటి కీలంటే గిన్నెలో తిరిగే బంతి లాంటిది. అరిగిపోయిన ఆ బంతినీ గిన్నెనీ తీసేసి కొత్తవి అమరుస్తారు. ఇంగ్లండులోని రైటింగ్టన్ ఆస్పత్రిలో జాన్ చార్న్‌లీ అనే సర్జన్ 1962లో లోహపు బంతి, ప్లాస్టిక్ గిన్నె పెట్టి చేసిన పద్ధతే ఇప్పటి ఆపరేషన్లకి మూలం.

మా అత్తయ్యగారికి వెనకవైపు నుంచి కోసి చేశారు. అక్కడి కండరాలు, కీలు చుట్టూ ఉండే పొర గట్టిపడేదాకా కాలు మీద కాలు వేయకూడదు, పాదం లోపలికి తిప్పకూడదు, తుంటి దగ్గర 90 డిగ్రీలకి మించి వంగకూడదు. కాదంటే కొత్త బంతి గిన్నెలోంచి జారిపోవచ్చు. పక్కకి తిరిగి పడుకున్నామంటే పైకాలు దానంతటదే ముందుకు జారి రెండో కాలిని దాటేస్తుంది కదా! మెలకువలో ఉన్న జాగ్రత్త నిద్రలో ఎక్కడుంటుంది? అందుకే వెల్లకిలా. ముందువైపు నుంచి చేసినవాళ్లకి నియమాలు వేరుగా ఉంటాయి. ఎవరి సర్జన్ చెప్పింది వాళ్లకి వేదం.

దిండు ఎక్కడ పెట్టాలి?

ఆపరేషన్‌కి ముందు నొప్పికి ఆవిడ కాలు చాపలేకపోయేవారు. వెల్లకిలా పడుకుంటే గజ్జల్లో లాగేసేది. అప్పుడు మోకాళ్ల కింద దిండు పెడితే హాయిగా ఉండేది. ఇంటికొచ్చాక కూడా "ఆ దిండే పెట్టమ్మాయ్" అన్నారు. ఫిజియోథెరపీ అమ్మాయి వద్దంది. ఎప్పుడూ మోకాలు వంచే ఉంచితే తుంటి ముందుభాగం బిగుసుకుపోయి, రేపు నడిచేటప్పుడు కాలు సాగదట. ఇప్పుడు దిండు ఉండాల్సింది రెండు కాళ్ల మధ్య, తొడల నుంచి పిక్కల దాకా. కాలివేళ్లు పైకప్పుని చూస్తుండాలి.

నడుం కింద ఖాళీలో పల్చటి తువ్వాలు మడిచి పెడితే నడుంనొప్పి తగ్గింది. మూడోరోజుకి మడమ ఎర్రబడితే, పిక్క కింద మెత్తటి గుడ్డ మడిచి మడమ పరుపుకి తగలకుండా చేశాం. ఆ తర్వాత పొద్దునా సాయంత్రం మడమలు చూడటం నా డ్యూటీ అయింది. మెలకువగా ఉన్నప్పుడు గంటకోసారి పాదాలు పైకీ కిందకీ ఆడించేవారు, రక్తం గడ్డకట్టకుండా. నొప్పి మాత్ర ఎప్పుడు వేసుకుంటే రాత్రి నిద్రకి పనికొస్తుందో డాక్టరుగారినే అడిగి తెలుసుకున్నాం.

నవారు మంచం గుంటపడుతుంది కాబట్టి పనికిరాదు. మా చెక్కమంచం మరీ కిందకి ఉంటే, వడ్రంగిని పిలిపించి కోళ్ల కింద కదలకుండా దిమ్మలు బిగించాం. కూర్చుంటే పాదాలు నేలకి ఆనాలి, మోకాళ్లు తుంటికంటే కిందకే ఉండాలి. దుప్పటి కాళ్ల దగ్గర మడతపెడితే అందుకోవడానికి వంగుతారు. అందుకే చేతి పక్కనే ఉంచాను. మంచినీళ్ల సీసా, కళ్లజోడు, గంట కూడా అక్కడే.

ఆ రాత్రి...

ఇన్ని చేసినా ఇంటికొచ్చిన ఆరో రాత్రి, రెండు గంటలప్పుడు మెలకువొచ్చి చూద్దును కదా, దిండు కిందపడి ఉంది. అత్తయ్యగారు సగం ఎడమపక్కకి తిరిగి ఉన్నారు, కుడికాలు ఎడమకాలి మీదకి జారుతోంది! నా గుండె ఆగినంత పనైంది. మావారిని లేపి, ఇద్దరం కలిసి కాళ్ల మధ్య దిండు పెట్టి మెల్లగా సరిచేశాం. పొద్దున్నే డాక్టరుగారికి ఫోన్ చేశాం. ఉన్నట్టుండి భరించలేని నొప్పి, కాలు పొట్టిగానో మెలితిరిగినట్టో కనబడటం, కాలు మోపలేకపోవడం ఉంటే వెంటనే తీసుకురమ్మన్నారు. పిక్క వాచి నొప్పిపుట్టినా, ఆయాసం వచ్చినా అంతేనట. దేవుడి దయవల్ల అవేవీ లేవు.

భయం తీరాక నాకు కోపమొచ్చింది. "నిద్రలో తెలీలేదా అత్తయ్యా?" అన్నాను కాస్త గట్టిగానే.

ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అన్నారు, "తెలిసే తిరిగానే. తల దగ్గర దీపం పెట్టావు... వెల్లకిలా, కాళ్లు చాపి... మీ మామయ్యగారిని వసారాలో అలాగే పడుకోబెట్టాం."

నా నోట మాట రాలేదు. రాత్రి లేస్తే కనబడాలని ఆవిడ తల పక్కన చిన్న బెడ్‌లైటు పెట్టింది నేనే! దిండ్ల లెక్కలన్నీ రాసిపెట్టుకున్నానే గానీ, ఆవిడకి భయమేస్తోందేమోనని ఒక్కసారైనా అడిగానా?

ఆరోజే లైటు తీసి బాత్‌రూమ్ గుమ్మం దగ్గర పెట్టాను. నిజానికి దారి కనబడటానికి అదే మేలైంది. ఫిజియోథెరపీ అమ్మాయిని అడిగి, పాత నూలుచీర పట్టీలతో దిండుని కాళ్లకి వదులుగా కట్టాం. రెండు పక్కలా పొడుగు దిళ్లు పెట్టాం. ఆవిడ మంచం పక్కన ఇంకో మంచం వేసుకుని నేనూ వెల్లకిలా పడుకున్నాను. అరగంటకే నా నడుం పట్టేసింది. ఆవిడ పడుతున్నదేమిటో అప్పుడు తెలిసొచ్చింది.

"ఎండాకాలం డాబా మీద మంచాలేసుకుని ఇలాగే పడుకునేవాళ్లం. మీ మామయ్యగారు చుక్కలు చూపిస్తూ ఏవేవో కథలు చెప్పేవారు" అన్నారు ఆవిడ చీకట్లో. ఆ కబుర్లు వింటూ నేనే ముందు నిద్రపోయాను!

ఆరు వారాల తర్వాత డాక్టరుగారు కాళ్ల మధ్య దిండు పెట్టుకుని ఎడమపక్కకి తిరగొచ్చన్నారు. ఇప్పుడు ఆవిడ కర్ర లేకుండా గుడికి వెళ్లొస్తున్నారు.

మీ ఇంట్లో ఎవరికైనా ఈ ఆపరేషన్ ఉంటే, రెండు వారాల ముందు నుంచే రోజూ కాసేపు వెల్లకిలా పడుకోవడం అలవాటు చేయించండి. మంచం ఎత్తు ముందే చూసుకోండి. దాంతోపాటు మంచం పక్కన కూర్చుని "రాత్రిళ్లు మీకేమనిపిస్తోంది?" అని కూడా ఒకమాట అడగండి. ఆ మాట నేను ఆరు రాత్రులు ఆలస్యంగా అడిగాను.