బీటెక్ అయ్యాక ఆర్కిటెక్ట్ కావచ్చా?

ఇంటర్ తర్వాత ర్యాంకు ఎటు తోస్తే అటు వెళ్లి కొందరు సివిల్ ఇంజినీరింగ్‌లో చేరతారు. మూడో ఏడాదికొచ్చేసరికి, గోడ ఎంత బరువు మోస్తుందన్న లెక్క కన్నా ఆ గోడ పక్కన మనిషి ఎలా కూర్చుంటాడన్న ఆలోచనే తమకు ఇష్టమని తెలుస్తుంది. బీఏ, బీకాం చదివినవాళ్లలోనూ ఇలాంటివాళ్లుంటారు. ఇప్పుడు ఆర్కిటెక్ట్ కావచ్చా అని వాళ్లు అడిగితే జవాబు ఒక్కటి కాదు. ఏ దేశంలో పనిచేయాలనుకుంటున్నారో ముందు తేల్చుకోవాలి.

మన దేశంలో దారి ఇరుకే. 1972 నాటి ఆర్కిటెక్ట్స్ చట్టం ప్రకారం కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో పేరు నమోదైతేనే ఆర్కిటెక్ట్ అని చెప్పుకోవాలి. దానికి మామూలు దారి అయిదేళ్ల బీఆర్క్. ఎంఆర్క్ ఉంది కదా అంటారు గానీ, అందులో చేరాలన్నా బీఆర్కే కావాలి. ఆ చట్టం కాపాడేది ఆర్కిటెక్ట్ అన్న పేరునే తప్ప డిజైన్ చేసే పనిని కాదని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే పని చేయొచ్చు, పేరు పెట్టుకోకూడదు. సివిల్ వాళ్లకు దగ్గరి దారి ప్లానింగ్‌లో రెండేళ్ల పీజీ, ఎంప్లాన్. 2008లో మొదలైన విజయవాడ స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ (ఎస్‌పీఏ) వంటి సంస్థల్లో ఉంది. ఎకనామిక్స్, జాగ్రఫీ, సోషియాలజీలో పీజీ చేసినవాళ్లకూ ప్లానింగ్‌లో చోటుంటుంది. ఊరు ఎటు పెరగాలో, నీళ్లు ఎటు పోవాలో నేర్పే గొప్ప చదువది. కాని అది ప్లానర్‌ను తయారుచేస్తుంది, ఆర్కిటెక్ట్‌ను కాదు. ఫీజు కట్టకముందే ఈ సంగతి తెలిసి ఉండాలి.

అమెరికాలో తలుపు ఇంతకన్నా వెడల్పు. అక్కడ ఎంఆర్క్ అన్న ఒక్క పేరు కింద మూడు చదువులున్నాయి. ఏ డిగ్రీ చదివినవాళ్లయినా చేరగలిగేది మొదటిది. సుమారు మూడు నుంచి మూడున్నరేళ్లు పడుతుంది, హార్వర్డ్‌లో మూడున్నర. చాలా స్కూళ్లు కాలిక్యులస్, ఫిజిక్స్ చదివి ఉండాలంటాయి. ఇంజినీర్లకు ఆ బెంగ లేదు, బీకాం వాళ్లు ముందే పూర్తి చేసుకోవాలి. రెండోది నాలుగేళ్ల ఆర్కిటెక్చర్ డిగ్రీ ఉన్నవాళ్లకు, దాదాపు రెండేళ్లు. మూడోది అప్పటికే బీఆర్క్ చేసినవాళ్లు పైచదువుగా చేసేది.

మన బీఆర్క్ పిల్లలు నిదానంగా చూసుకోవాల్సింది ఈ మూడోదాని దగ్గరే. అమెరికాలో లైసెన్సుకు నేరుగా దారితీసేది నాబ్ అనే సంస్థ గుర్తింపున్న డిగ్రీ. మొదటి రెండు రకాలకే సాధారణంగా ఆ గుర్తింపు ఉంటుంది. మూడోది చేసి, అక్కడే లైసెన్సు తెచ్చుకోవాలనుకుంటే, మన బీఆర్క్‌ను విడిగా మదింపు చేయించుకోవాల్సి వస్తుంది. డిగ్రీ చేతికొచ్చాక కూడా 3,740 గంటల పని అనుభవం చూపాలి, ఆరు భాగాల పరీక్ష రాయాలి. ఇక మూడేళ్లు అక్కడ చదివి ఇండియాకు తిరిగి వచ్చేవాళ్లకు ఇక్కడి నమోదు దానంతటది రాదు. ఆ డిగ్రీని ఇక్కడి కౌన్సిల్ ఒప్పుకుంటుందో లేదో బయల్దేరేముందే రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవడం మంచిది.

వేరే చదువు నుంచి రావడం లోటని నేననుకోను. జహా హదీద్ బేరూత్‌లో గణితం చదివాకే, 1972లో లండన్‌లో ఆర్కిటెక్చర్‌లో చేరింది. ఆర్కిటెక్చర్‌కు ఇచ్చే ప్రిట్జ్‌కర్ బహుమతిని 2004లో అందుకుంది, అది అందుకున్న మొదటి మహిళ ఆమె. రెమ్ కూల్‌హాస్ ఆర్కిటెక్ట్ కాకముందు జర్నలిస్టు.

అందరినీ భయపెట్టేది, అమెరికన్ స్కూళ్లకు దరఖాస్తుతో పంపాల్సిన పోర్ట్‌ఫోలియో. బిల్డింగు డిజైన్లు లేవే, ఏం పెట్టాలి? మొదటి రకం ఎంఆర్క్‌కు వచ్చేవాళ్ల దగ్గర అవి ఉండాలని ఎవరూ అనుకోరు. కన్ను ఎలా చూస్తోంది, చెయ్యి ఎలా పనిచేస్తోంది, అదే స్కూళ్లకు కావాలి. గీసిన బొమ్మలు, ఫొటోలు, చేసిన చెక్కపని, అన్నీ పనికొస్తాయి. నన్నడిగితే మాత్రం, అమ్మమ్మగారి ఊళ్లో మండువా ఇల్లు ఇంకా నిలిచి ఉంటే దాన్ని కొలిచి గీయమంటాను. టేపు ఒక చివర తమ్ముడి చేతికిచ్చి, అరుగు ఎత్తు, స్తంభాల మధ్య దూరం, గడప మందం ఒక్కొక్కటే రాసుకోవాలి. ముందు ప్లాన్ గీయాలి. తర్వాత సెక్షన్. బొప్పాయిని నిలువుగా కోస్తే గింజలు ఎక్కడున్నాయో కనిపించినట్టు, ఇంటిని నిలువుగా కోసి లోపల చూపించేది సెక్షన్. నాలుగు వైపుల పెంకుల కప్పు లోపలికి వాలి, నడిమి మండువాలోకి వెలుగునూ వాననూ ఎలా దించుతుందో అందులో తేటగా కనిపిస్తుంది. ఆ వెలుగులో పగటిపూట ఎవరు ఎక్కడ చాప వేసుకునేవారో అమ్మమ్మనడిగి ఆ మనుషుల్నీ గీస్తే, ఆ కాగితం చూసినవాళ్లకు మీరు ఆర్కిటెక్చర్ ఎందుకు చదవాలనుకుంటున్నారో అర్థమవుతుంది.

చాలా అమెరికన్ స్కూళ్లలో దరఖాస్తుల గడువు డిసెంబర్, జనవరి నెలల్లోనే ముగుస్తుంది. కాబట్టి టేపు ఎండాకాలం సెలవుల్లోనే పట్టుకోవాలి. జోరువాన పడ్డ రోజున మరోసారి వెళ్లి, మండువాలో పడ్డ నీళ్లు ఏ తూములోంచి బయటికి పోతున్నాయో చూసి, దాన్నీ సెక్షన్‌లో చేర్చాలి.