కోసేది బ్లేడు, కాచేది గార్డు

ఇంట్లో చిన్నపాటి వడ్రంగి పని మొదలుపెట్టాలనుకునేవారు ముందుగా చూసేది మిషను డబ్బా మీది వాట్లనూ, ధరనూ. ఆ రెండే కొలతలైతే బేరం చాలాసార్లు చేతి గ్రైండర్ దగ్గరో, మార్బుల్ కట్టర్ దగ్గరో తెగుతుంది. వాటికి చెక్క బ్లేడు కూడా బిగించుకోవచ్చు కదా, ఒక్క దెబ్బకు రెండు పిట్టలనిపిస్తుంది. కానీ డబ్బా మీది వాట్లు మిషను లాగే కరెంటు లెక్క. అందులో కొంత వేడిగా పోగా మిగిలిందే చెక్కను చేరుతుంది. ఇంటి పనికి అంతకన్నా ముఖ్యమైన ప్రశ్న ఒకటుంది: తిరిగే పళ్లను అదుపులో పెట్టేది మిషను అమరికా, మన మణికట్టా?

నాలుగంగుళాల గ్రైండర్ నిమిషానికి సుమారు 11,000 చుట్లు తిరుగుతుంది. 100 మి.మీ. చక్రం అంచు అప్పుడు సెకనుకు 58 మీటర్ల దాకా, అంటే గంటకు 200 కిలోమీటర్ల పైన పరుగెత్తుతుంది. 185 మి.మీ. సర్క్యులర్ సా చుట్లు అందులో సగమే అయినా, బ్లేడు పెద్దది గనక అంచు వేగం 53 మీటర్లకు వస్తుంది. వేగంలో పెద్ద తేడా లేదన్నమాట. ఉన్నదంతా బ్లేడు చుట్టూ ఉన్న ఏర్పాటులోనే. సర్క్యులర్ సా అడుగున వెడల్పాటి లోహపు పలక ఉంటుంది. అది చెక్కకు ఆని ఉన్నంతసేపు బ్లేడు పక్కకు వాలదు. కింది గార్డుకు స్ప్రింగు ఉంటుంది: ముందుకు తోస్తే చెక్క అంచు తగిలి వెనక్కి జరుగుతుంది, కోత ముగిసి పైకెత్తగానే, బ్లేడు ఇంకా తిరుగుతుండగానే, టక్కున మూసుకుంటుంది. మార్బుల్ కట్టర్‌కు పలక ఉంది గానీ ఈ గార్డు ఉండదు. గ్రైండర్‌కు రెండూ లేవు. కోతలో చెక్క బిగుసుకుని బ్లేడును పట్టేస్తే, ఆ ఊపంతా మిషనును మనవైపు విసురుతుంది. దీన్నే కిక్‌బ్యాక్ అంటారు. పళ్లున్న రంపపు బ్లేడు బిగించవద్దని గ్రైండర్ల మాన్యువల్‌లోనే ఉంటుంది. కాకపోతే ఆ పుస్తకం డబ్బాతోపాటే అటకెక్కుతుంది.

వడ్రంగులు రోజూ వాటితోనే కోస్తున్నారు కదా అనొచ్చు. నిజమే. బ్లేడు బిగుస్తున్నప్పుడు మోటారు మోతలో వచ్చే మార్పును రోజూ పనిచేసే చెవి ముందే పసిగడుతుంది. నెలకో ఆదివారం పనికి దిగేవారికి ఆ సూచన అందదు. అయినా నేర్పు ప్రమాదాన్ని తగ్గిస్తుందే గానీ, లేని గార్డును తెచ్చిపెట్టదు. మరి అన్నిటికన్నా స్థిరమైన టేబుల్ సా కొనొచ్చు కదా అంటే, చోటు లెక్క చూడాలి. ఎనిమిదడుగుల ప్లైవుడ్ షీటును నిలువునా తోయాలంటే బ్లేడుకు ముందు ఎనిమిదడుగులు, వెనక ఎనిమిదడుగులు, ఆపైన మనిషి నిలబడే చోటు కావాలి. అపార్ట్‌మెంటు బాల్కనీలో అది తేలే లెక్క కాదు. షీటును కదిలించే బదులు నేల మీద మందపాటి ఫోమ్ పరిచి, దానిపై షీటు పెట్టి, తిన్నని బద్దను క్లాంపులతో బిగించి, సర్క్యులర్ సానే దాని వెంట నడపడం మేలు. బ్లేడు ప్లైవుడ్ మందం దాటి ఒక పన్నంత దిగితే చాలు. దీని పళ్లు ముందువైపు కింది నుంచి పైకి లేస్తూ కోస్తాయి గనక చీలికలు పైముఖం మీదే రేగుతాయి. అందుకే అందంగా కనబడాల్సిన ముఖాన్ని కిందికి పెట్టాలి.

ఇంత చెప్పినా మొదట కొనాల్సింది సర్క్యులర్ సా కాదు, డ్రిల్లు. రంధ్రాలూ స్క్రూలూ లేని పని ఉండదు. పైగా డ్రిల్ డ్రైవర్‌లో అంకెలున్న క్లచ్ రింగు స్క్రూ బిగుసుకోగానే జారి, తల అరిగిపోకుండా కాపాడుతుంది. అదుపు మిషనులోనే ఉండాలన్న సూత్రం ఇక్కడా పనిచేస్తోంది. రెండోది సర్క్యులర్ సా. జిగ్‌సా, రౌటర్ వంటివి ఫలానా పని ఎదురైనప్పుడు చూసుకోవచ్చు. మూడోది శాండర్, అదీ ఒక షరతు మీద. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే చెక్క ధూళిని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే వాటి జాబితాలో చేర్చింది. శాండర్ రేపేది అందులోనూ మరీ సన్నటి పొడి. దాని ధరలో వ్యాక్యూమ్ గొట్టం, మంచి మాస్కు ఖర్చు కూడా కలిపి లెక్కేయాలి. ఆ మొత్తం బరువనిపిస్తే చేతి చిత్రికతో నున్నగా చేసుకోవచ్చు. దాన్నుంచి రాలే పొట్టు చుట్టలు చుట్టుకుని నేల మీద పడుతుంది, ఊపిరితిత్తుల దాకా రాదు.