పలకంత కంప్యూటరు

కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమునందు కంప్యూటరు శాస్త్రము నభ్యసింపగోరి వచ్చు విద్యార్థుల సంఖ్య ఏటేట తగ్గుచుండుటయు, వచ్చినవారిలో సైతము చిన్ననాడే ప్రోగ్రాములు వ్రాసి తప్పులు దిద్దుకొనిన అనుభవము కలవారు అరుదగుచుండుటయు గమనించి, అచ్చట బోధించుచుండిన ఎబెన్ అప్టన్ 2006 ప్రాంతమున మిగుల చింతిల్లెను. అంతకు పాతికేండ్ల పూర్వము, 1981లో, ఆ నగరమునందే ఏకార్న్ సంస్థ నిర్మించిన బీబీసీ మైక్రో, మీట నొక్కినంతనే బేసిక్ భాషలో ఆజ్ఞ నిమ్మని నిరీక్షించెడిది. దానియెదుట కూర్చున్న బాలునకు ప్రోగ్రాము వ్రాయుట తొలుత తప్పనిసరియై, క్రమముగా ఆటయై, తుదకు విద్యయై పరిణమించెడిది. తరువాత వచ్చిన యంత్రములు శక్తియందు దానిని ఎంతగా మించినను, మూత బిగించిన పెట్టెలై, విప్పబోయిన పిల్లవానిని పెద్దలు కసరుకొను ఖరీదైన గృహోపకరణములైనవి.

చెడిపోయినను ఇల్లు గుల్లకాని యంత్రమొకటి బాలుర చేతికీయవలెనని అప్టనును ఆయన మిత్రులును తలపోసినదానికి ఫలమే రాస్ప్‌బెర్రీ పై. పండ్ల పేర్లు పెట్టుకొనుట పూర్వపు కంప్యూటరు సంస్థల ఆచారము. ‘పై’ యనునది పైథాన్ భాషను స్మరించుచున్నది. 2012 ఫిబ్రవరి 29న వెలువడిన తొలి పలక ధర 35 డాలర్లు. 700 మెగాహెర్ట్జుల ప్రాసెసరు, 256 మెగాబైట్ల మెమరీ, క్రెడిట్ కార్డంత పరిమాణము. ఆ ప్రాసెసరునకు ఆధారమైన ఆర్మ్ నిర్మాణము 1985లో ఏకార్న్ సంస్థలోనే సోఫీ విల్సన్, స్టీవ్ ఫర్బర్‌ల చేతులలో రూపుదాల్చినది కనుక, ఈ బిడ్డ అమ్మమ్మగారి యింటనే పుట్టినదనవచ్చును. 2015లో వచ్చిన జీరో అను నమూనా వెల అప్పుడు 5 డాలర్లే. దానిని మ్యాగ్‌పై పత్రిక తన ముఖపత్రమునకు జతచేసి పాఠకులకు ఉచితముగా నిచ్చినది.

ఈ రాస్ప్‌బెర్రీ పైని సిద్ధపరచు ఘట్టమే నాకు మిక్కిలి ప్రియమైనది. ఆ తొలి పలకకు హార్డ్ డిస్కు లేదు, మీటయు లేదు. మరియొక కంప్యూటరు సాయమున లినక్సు అను నిర్వహణ వ్యవస్థను మెమరీ కార్డుపై వ్రాసి, దానిని పలక అడుగునగల గాడిలో దూర్చి, టీవీని, కీబోర్డును తగిలించి, ఫోను ఛార్జరువంటి దానితో కరెంటు అందించినంతనే ఎర్రదీపము వెలుగును. అంతట, ప్రధాన ప్రాసెసరింకను నిద్రించుచుండగా, బొమ్మలు గీయవలసిన గ్రాఫిక్స్ భాగము ముందుగా మేలుకొని, కార్డులోని ప్రారంభ ప్రోగ్రామును చదివి, తోడిదానిని లేపును. ఆ చదువు సాగుచున్నంతసేపు ఆకుపచ్చదీపము మిణుకుమిణుకుమనుచుండును. ఎర్రదీపమొక్కటే వెలిగి పచ్చదీపము కదలకున్నచో ముందుగా కార్డును అనుమానింపవలెను. బడిపిల్లలు పలకను తుడిచి అక్షరములు మరల దిద్దినట్లు కార్డును చెరిపి మరల వ్రాసి చూడవచ్చును.

తొలుత 26గాను, 2014 నుండి 40గాను పలకపై వరుసదీరిన సూదులవంటి పిన్నులలో పెక్కింటిని ప్రోగ్రాము శాసింపగలదు. అట్టి పిన్నొకదానినుండి రెసిస్టరు మీదుగా ఎల్‌ఈడీ దీపపు పొడవుకాలికి తీగ కలిపి, పొట్టికాలిని గ్రౌండు పిన్నునకు చేర్చవలెను. ఈ పిన్నులు ఓర్చునది 3.3 వోల్టులే కావున, ఆ వరుసలలోనే యున్న 5 వోల్టుల పిన్ను వీనికి సోకరాదు, సోకినచో ప్రాసెసరు మాడిపోవచ్చును. పైథానులో నాలుగైదు పంక్తులు వ్రాయగా దీపము అర సెకను వెలిగి అర సెకను ఆరుచుండును. చూచుచున్న పిల్లవాడు, ఎవ్వరును చెప్పకయే, 0.5ను చెరిపి 0.1 అని దిద్ది, దీపము గబగబ కొట్టుకొనుట కనుగొని, ఇంకను చిన్న అంకె వేయుటకై కీబోర్డును తనవైపు లాగుకొనును.