కుండీ అడుగున నిలిచే నీరు

పొలంలో బంగారం పండే నల్లరేగడిని తెచ్చి కుండీలో నింపితే, నాటిన మొక్క కొన్నాళ్లకే వడలిపోతుంది. సారానికి లోటు లేకపోయినా వేరుకు ఊపిరాడదు. పొలంలో పైన పడిన నీటిని కింది మట్టి లోతుకు లాక్కుంటూ ఉంటుంది. కుండీలో ఆ లాగుడు అడుగు రంధ్రం దగ్గరే ఆగిపోతుంది. రేణువుల మధ్య సన్నటి ఖాళీల్లో నీటిని పట్టి ఉంచే కేశనాళిక బలం గురుత్వాకర్షణకు లొంగనంత ఎత్తు వరకు, అడుగున తడి పొర నిలిచిపోతుంది. ఎన్ని రంధ్రాలు పెట్టినా అది దిగదు. ఆ పొరలో వేరుకు గాలి అందడం కష్టం. ఆక్సిజన్ గాలిలో కంటే నీటిలో దాదాపు 10,000 రెట్లు నెమ్మదిగా వ్యాపిస్తుంది.

దీన్ని కళ్లారా చూడడానికి వంటింటి స్పాంజి చాలు. నీటిలో ముంచి తీసి, అడ్డంగా పట్టుకుంటే కాసేపు కారి ఆగుతుంది. ఇక చుక్క పడదనుకున్నాక నిలువుగా తిప్పండి, మళ్లీ కారుతుంది. రంధ్రాలు అవే, మారింది ఎత్తు. అందుకే లోతైన కుండీలో చక్కగా ఆరే మిశ్రమమే, మిరప నారు పోసే ప్రోట్రే గుంటలో నానిపోయి ఉంటుంది. కుండీ అడుగున గులకరాళ్లు పరిచే అలవాటు మన ఇళ్లలో ఇంకా పోలేదు. దానివల్ల తడి పొర రాళ్ల మీదికి ఎక్కి కూర్చుంటుంది, వేరుకు దక్కే లోతు ఆమేరకు తగ్గుతుంది.

ఈ చిక్కుకు పాశ్చాత్య ఉద్యానరంగం ఎంచుకున్న విరుగుడు పీట్. కెనడా, ఐర్లండ్, బాల్టిక్ దేశాల చిత్తడి నేలల్లో స్ఫాగ్నమ్ నాచు వేల ఏళ్లుగా పేరుకొని పీట్‌గా మారింది. ఆ నాచు ఆకుల్లో గోడలకు రంధ్రాలున్న బోలు మృతకణాలు ఉంటాయి. నీరు వాటిలో చేరుతుంది, పోగుల మధ్య పెద్ద సందులు గాలికి మిగులుతాయి. మామూలు సాగునేలలో ఖాళీ దాదాపు సగం. మంచి పీట్‌లో 90 శాతానికి పైనే. అయితే పీట్ మాగేకొద్దీ పోగులు చితికి సందులు పూడిపోతాయి. ఈ తేడాను పట్టుకోవడానికి స్వీడన్ శాస్త్రవేత్త లెన్నార్ట్ ఫాన్ పోస్ట్ పది మెట్ల కొలమానం ఏర్పరిచాడు. తడి పీట్‌ను పిడికిట్లో పిండితే తేటనీరు వస్తే మొదటి మెట్టు. ముద్దంతా వేళ్ల సందుల్లోంచి జారిపోతే పదోది. ప్రయోగశాల అక్కర్లేని ఇలాంటి పరీక్షలంటే నాకు గౌరవం.

పీట్‌కు పెద్ద లోపం ఒకటుంది. పూర్తిగా ఎండితే నీటిని దగ్గరికి రానివ్వదు. పోసిన నీరు కుండీ అంచుల వెంబడి జారిపోతుంది. కోనసీమలో పీచు తీశాక మిగిలే కొబ్బరి పొట్టు ఇందులో మెరుగు, ఇటుకలా అదిమి ఎండబెట్టిన పొట్టు సైతం నీళ్లు పోయగానే పొంగుతుంది. ఉప్పు పోయేలా కడిగి వాడాలి. మరీ మెత్తటి పొట్టయితే గాలి తక్కువ. గాలి పాలును ప్రధానంగా నిర్ణయించేది రేణువుల పరిమాణమే. నీరు ఇంకడానికని సన్న ఇసుక కలిపేవారు దీన్నే మరుస్తారు. ఇసుక వెళ్లి పెద్ద సందుల్లో దూరి, బరువు పెంచి, గాలిని తగ్గిస్తుంది.

బెల్జియంలోని ఘెంట్‌లో శాస్త్రవేత్తలు డి బూడ్, వెర్డాంక్ 1972లో సూచించిన ప్రమాణం ప్రకారం 10 సెంటీమీటర్ల నీటి చూషణ వద్ద, అంటే అంత ఎత్తు నీటి బరువుకు సమానమైన లాగుడు ఉన్నప్పుడు, మిశ్రమంలో 20 నుంచి 30 శాతం గాలి ఉండాలి. అంత కచ్చితంగా కాకపోయినా ఇంట్లోనూ అంచనా కట్టవచ్చు. లీటరు మిశ్రమం పట్టే కుండీకి రంధ్రాలు మూసి, పైన నీరు మెరిసేదాకా నెమ్మదిగా పోసి, కొన్ని గంటలు నాననివ్వాలి. తర్వాత రంధ్రాలు తెరిచి, కారిన నీటిని కొలపాత్రలో పట్టాలి. 150 మిల్లీలీటర్లు వస్తే గాలి 15 శాతం. 10కి లోపుంటే ముతక కొబ్బరి చెక్కులో పెర్లైటో కలపాలి. ఏడాది తర్వాత అదే కుండీని కొలిస్తే అంకె తగ్గే ఉంటుంది. పశువుల ఎరువు త్వరగా, కొబ్బరి పొట్టు నిదానంగా చివికి సందులు మూసుకుపోతాయి. కుండీ మార్చడానికి అదే అదను.