పెండ్లి పందిరి: నాడు, నేడు

జనగామలో రైలు దిగి పాలకుర్తి, తొఱ్ఱూరు మీదుగా మహబూబాబాదునకును, అటనుండి నర్సంపేట, ములుగు దారిని భూపాలపల్లికిని పోవువారికి మాఘ ఫాల్గుణములలో నొక దృశ్యము తప్పక కంటబడును. వరి మడుల నడుమ రంగుదీపముల తోరణములతో రాజప్రాసాదములవంటి కట్టడములు వెలుగుచుండును. అవి రాజభవనములు గావు, దేవాలయములును గావు; పెండ్లిండ్లకై యద్దెకిచ్చు ఫంక్షను హాళ్లు. అందొక్క పూటలో వ్యయమగు ద్రవ్యము, చుట్టునున్న పొలములలో చెమటోడ్చు రైతు ఏండ్ల తరబడి మిగుల్చుకొనజాలనిది. అయినను ఆ రైతే రేపు తన కూతురి పెండ్లికి ఆ హాలునే కుదుర్చుకొనుచున్నాడు. ఈ వింత యెట్లు సంభవించెను? దీనికి సమాధానము కావలెనన్న పూర్వపు పెండ్లి పందిరిలోనికి తొంగిచూడక తప్పదు.

పూర్వము పెండ్లి యనిన ఐదు దినముల పండుగ. పందిరికి పచ్చికొమ్మలు, భోజనములకు మోదుగాకు విస్తళ్లు. కుమ్మరి యింటినుండి ఐరేని కుండలు మేళతాళములతో రావలెను. వడ్రంగి పీటలు చెక్కవలెను. కంసాలి పుస్తె మట్టెలు చేయవలెను. మంగలి సన్నాయి యూదవలెను, చాకలి దివిటీ పట్టవలెను, మాదిగ డప్పు మ్రోగనిదే ఎదురుకోలు కదలదు. పోచమ్మకు బోనము పెట్టనిదే పెండ్లి పనులు మొదలుకావు. సామాన్యుల యిండ్లలో ఈ వృత్తులవారికి ధాన్యము, కొత్త బట్ట, విందులో పాలు లభించుచుండెను. పెండ్లికై వెచ్చించిన గింజ ఊరిలోనే తిరిగి ఊరివారి కడుపులే నింపెడిది. బంధువులు చదివించు కట్నములును ఒక విధమైన పరస్పర సహాయమే. నేడు నాకిచ్చినదానిని రేపు నీ యింటి పెండ్లిలో తీర్చెదను అను మాట దాని మూలము.

ఇంతమాత్రము చెప్పి పూర్వకాలమంతయు బంగారమని తలయూచుట సత్యమునకు ద్రోహము. ఆ పందిరి నీడలోనే వెట్టి దాగియుండెను. నిజాము రాజ్యమున ఈ ప్రాంతపు దేశముఖుల, దొరల గడీలలో పెండ్లి జరిగినప్పుడు గొల్లలు గొఱ్ఱెలను, గౌండ్లవారు కల్లును, కుమ్మరులు కుండలను, సాలెలు బట్టలను మూల్యము లేక సమర్పింపవలసి వచ్చెను. బోయలు మేనాలను మైళ్లకొలది మోయవలసి వచ్చెను. అంతకంటె హేయమైన యాచార మింకొకటి కలదు. దొరల ఆడుబిడ్డ అత్తవారింటికి పోవునపుడు పేదయింటి బాలికలను ఆమెవెంట దాసీలుగా పంపుచుండిరి. ఆడబాపలనబడు ఆ బాలికలకు జీవితాంతము పెండ్లి లేదు, ఇల్లు లేదు, మానరక్షణ లేదు. ఒక కన్య సౌభాగ్యమునకు మరియొక కన్య బ్రదుకును కానుకగా నిచ్చిన యాచారమది.

ఈ వెట్టిని కూలద్రోసిన పోరాటమునకు జనగామ తాలూకాయే ముందు నిలిచెను. విసునూరు దేశముఖు నెదిరించి పాలకుర్తి చాకలి ఐలమ్మ తన పంటను నిలుపుకొనెను. 1946 జూలై 4వ తేదీన కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకి గుండుకు బలియయ్యెను. 1948 సెప్టెంబరులో నిజాము పాలన యంతరించెను. మరుసటి యేడు జాగీర్దారీ రద్దయ్యెను. గడీ పెండ్లికి ఊరంతయు ఊడిగము చేయు దినములు అంతటితో గతించెను.

బాల్యవివాహము రెండవ కళంకము. పోతన పుట్టిన ఊరని ప్రసిద్ధి గన్న బమ్మెర యీ జిల్లాలోనే యున్నది. మంచి మగడు లభించునని మన తల్లులు కన్యలచేత రుక్మిణీ కల్యాణమును చదివించిరి. తన వరుని తానే వరించి, వర్తమానమంపి, రథమెక్కిపోయిన కన్య కథ యది! దానిని చదివించిన యిండ్లలోనే, బాలికకు పెండ్లియన నేమో తెలియకముందే మెడలో పుస్తె పడుచుండెను. బ్రిటిషు ఇండియాలో శారదా చట్టము 1930 ఏప్రిలు 1వ తేదీనుండి కన్యకు పదునాలుగేండ్లును, వరునికి పదునెనిమిదేండ్లును నియమించెను. నిజాము ఇలాకాకు అది వర్తింపలేదు. ఆ యేటనే జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డిగారి యధ్యక్షతన ప్రథమాంధ్ర మహాసభ జరిగెను. దానితోపాటు మహిళా సభయు కూడి సంఘసంస్కరణమును ఇండ్లలోనికి గొనివచ్చెను. 1978లో ఈ వయఃపరిమితి పదునెనిమిదికిని, ఇరువదియొకటికిని హెచ్చెను. నేడు మన పల్లెలలో బాలిక బడికిని కళాశాలకును పోయిన పిమ్మటనే పెండ్లిమాట వచ్చుట సాధారణమైనది. ఇది నిస్సంశయముగా మంచి మార్పు. ఇట్టి మార్పును నిందించి పూర్వాచారమే మేలనువారితో మాకు పొత్తు లేదు.

అయితే ఒక ద్వారమున వెడలిన దయ్యము మరియొక ద్వారమున ప్రవేశించినది. దాని పేరు వరకట్నము. కష్టజీవుల కులములలోను, తండాలలోను, గూడెములలోను పూర్వము వరుని పక్షమువారే ఓలి యిచ్చి కన్యను తెచ్చుకొనుచుండిరి. మహబూబాబాదు తండాలలోని లంబాడీలు ఎద్దులను, రూకలను కన్య తండ్రి కిచ్చుచుండిరి. భూపాలపల్లి, ములుగు అడవులలోని కోయలలో ఒకే గట్టునకు చెందినవారు పరస్పరము పెండ్లాడరు. గట్టు కలిసిన పిమ్మట ఓలి మాట వచ్చును. ఓలి సంపూర్ణముగా మంచిదని మేమనుటలేదు. కన్యాశుల్కము తెచ్చిన యనర్థములను గురజాడ అప్పారావుగారు లోకమునకు చూపియే యున్నారు. అయినను స్త్రీ పొలములో చేయు పనికి విలువ గలదని ఓలి యొప్పుకొనెను; ఆమెను పోషించుట భారమని కట్నము చాటుచున్నది. చదువును, కొలువును రాగానే వరునికి ధర యేర్పడినది. పై కులముల చూచి తక్కినవారును ఆ బాటనే పట్టిరి. తండాలో నేడు ఓలి తలక్రిందులై కట్నమైనది. పుట్టినిల్లు విడుచునపుడు లంబాడీ వధువు పాడు ఢావ్లో యను రోదన గీతమునకు బదులు డీజే పెట్టెలు దద్దరిల్లుచున్నవి. అద్దములు పొదిగిన పేటియా, కాంచళీ స్థానమున బజారులో యద్దెకు తెచ్చిన లెహంగా వచ్చినది.

వేషభాషలు మారుట తప్పుగాదు. ఏ తరము తన తాతల పంచెనే కట్టవలెనని శాసింపలేము. మా వాదము వేషమును గూర్చి కాదు, వ్యయమును గూర్చి. పసుపు దంచి, నలుగు పెట్టి ఇంటి ముత్తైదువలు పాడుకొన్న పాట, పసుపుపచ్చని బట్టల హల్దీయై వేలకు వేలు మ్రింగుచున్నది. మెహందీ, సంగీతు ఉత్తరాదినుండి దిగుమతియైనవి. పెండ్లికి ముందే వధూవరులను కోటలకు, చెఱువు గట్టులకు గొనిపోయి చిత్రములు తీయుట, ఆకాశమున డ్రోనును త్రిప్పుట యావశ్యక విధులైనవి. పూర్వము ఊరిలో తిరిగిన ద్రవ్యము నేడు ఊరు దాటిపోవుచున్నది. కుమ్మరి సారె నిలిచినది. మోదుగ విస్తరి కుట్టిన చేతులు ఖాళీయైనవి. లోహపు పనికి 2010లో భౌగోళిక గుర్తింపు పొందిన పెంబర్తి జనగామ చెంతనే యున్నను, పెండ్లి కానుకలకు ప్లాస్టికు బొమ్మలు కొనుచున్నాము.

చట్టములకు కొఱత లేదు. వరకట్న నిషేధ చట్టము 1961లో వచ్చెను. భార్యను హింసించుట 1983లోను, వరకట్న మరణము 1986లోను ప్రత్యేక నేరములయ్యెను. తెలంగాణ ప్రభుత్వము 2014లో కల్యాణలక్ష్మి, షాదీ ముబారకులను 51,000 రూపాయలతో నారంభించి, 2018లో ఆ మొత్తమును 1,00,116 రూపాయలకు పెంచెను. పదునెనిమిదేండ్లు నిండిన కన్యకే యీ సాయమను నిబంధన బాల్యవివాహమునకు అడ్డుకట్ట. కాని ఆ సొమ్ము చేతికి రాకమునుపే వియ్యంకుడు దానిని తన లెక్కలో వ్రాసికొన్నచో ఆ తల్లికి మిగిలినదేమి? 2024 ఏప్రిలులో సుప్రీంకోర్టు హిందూ వివాహము ఆటపాటలకు, విందులకు, ఒత్తిడితో కట్నకానుకలు పుచ్చుకొనుటకు ఏర్పడిన సందర్భము గాదని హెచ్చరించెను. న్యాయస్థానము చెప్పవలసి వచ్చుటయే మనకు సిగ్గుచేటు.

మా సొమ్ము మేము ఖర్చుపెట్టుకొన్న లోకమున కేమి నష్టమని కొందఱు గృహస్థులు ప్రశ్నింతురు. నష్టము గలదు. నూరెకరముల యాసామి తన వైభవముకొఱకు చేసిన ఆడంబరము, రెండెకరముల రైతునకు మరునాటినుండి కొలబద్ద యగును. ఆ కొలబద్దకు సరితూగలేక అతడు వడ్డీకి తెచ్చును. వడ్డీ పెరిగిన పిమ్మట చెలక యమ్మును. నాడు దొర పెండ్లికి ఊరు వెట్టి చేసెను. నేడు తన యింటి పెండ్లికి తండ్రి తానే వెట్టి చేయుచున్నాడు. నాటి వెట్టికి కారకుడైన దొర కంటికి కనబడెను గనుక ప్రజలతని నెదిరింపగలిగిరి. నేటి దొర పేరు నలుగురేమనుకొందురో అను భయము. దానికి గడీ లేదు, కావున దాని మీదికి ఊరేగింపు తీయుటకు వీలులేదు.

ఆ భయము వట్టి భ్రమయని 2020లో కరోనా మహమ్మారియే నిరూపించినది. ఏబదిమందికి మించరాదని ప్రభుత్వము కట్టడి చేసినపుడు ఇంటి ముంగిటనే పందిళ్లు లేచెను. జీలకఱ్ఱ బెల్లము, తలంబ్రాలు, పుస్తె, ఏడడుగులు: ఇంతతో పెండ్లి యైనది. ఆ దంపతుల పెండ్లి చెల్లలేదని ఎవరైన ననిరా? వారి సంసారములకు డీజే లేని లోపము తగిలినదా?

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని పెద్దలన్నది కష్టము తెలియుటకేగాని ఇల్లమ్మి పెండ్లి చేయుమని కాదు. సంస్కరణము ఎప్పుడును పై మెట్టునుండి దిగవలెను. భూవసతి గలవారు, పట్టణములలోని విద్యావంతులు తమ కుమారుల పెండ్లిండ్లలో కట్నము ముట్టమని ముందు ప్రకటింపవలెను. కూతురికి ఈయదలచినది ఆమె పేర పట్టాగానో, బ్యాంకులో నిలువగానో ఈయవలెను. విందు ఊరివారి చేతి వంటతో, ఊరి విస్తరిలో జరుపవలెను. ఇందేదియు కఠిన వ్రతము గాదు. కడవెండి నేలపై నెత్తురు చిందించి వెట్టిని తరిమిన ప్రజల మనుమలు, మనుమరాండ్రు, తమ పందిళ్లలో దాగిన వెట్టిని తరుముకొనలేరని మేము నమ్మజాలము.